చన్నీళ్ళ స్నానం

గంజి గ్లాసు అంచు పెదాలకు ఆనించి, రెండో చేత్తో అన్న గొంతు మీద పైనుంచి కిందికి మెల్లగా నిమిరింది యస్తేరమ్మ. అలా నిమిరితేగాని ఇశ్రాయేలు మింగడు. నడక మరిచాడు, మాట మరిచాడు, ఇప్పుడు మింగడం కూడా మరిచాడు. రెండు గుక్కలు లోపలికి పోయాయి, తర్వాతది గడ్డం మీదుగా కారింది. పైట చెంగుతో తుడిచింది. ఒళ్ళు కాలిపోతోంది, రొమ్ములో పిల్లికూతలు. నెమ్ము చేరిందనీ ఇక ఎక్కువ నాళ్ళు ఉండడనీ ఆస్పత్రి డాక్టరమ్మ నిన్న సాయంత్రం చూసి చెప్పి వెళ్ళింది.

యాభై ఏళ్ళ మనిషి. ఆ నులక మంచం మీద చూస్తే ఎనభై అంటారు. చెంపలు లోపలికి పోయాయి, పిక్కలు ఎండి ఎముకకు అతుక్కున్నాయి. చేతులు మాత్రం ఇంకా వడ్రంగి చేతులే. బొటనవేలి పక్కన బాడిసె దిగిన మచ్చ, అరచేతుల్లో కాయలు. ఉదయగిరి కొండ కింద ఈ మిషన్ ఆస్పత్రిలో సగం తలుపులు ఆ చేతులు చేసినవే. ఏడేళ్ళ కిందట వరికుంటపాడులో ఒక రైతు ఇంటి ద్వారబంధానికి టేకు చెక్క కొలిచి, కోసి, మళ్ళీ కొలిచి, మళ్ళీ కోసి, పొద్దు గూకేసరికి పీటకోడుకు కూడా పనికిరాకుండా చేసి దాని పక్కనే కూర్చుని ఏడ్చాడు. ఊరేమంది? తాగి కోశాడంది! జన్మలో కల్లు ముంత ముట్టని మనిషిని పట్టుకుని. చర్చిలో పక్కన కూర్చునేవాళ్ళు ముక్కులు ఎగబీల్చి వాసన చూసేవాళ్ళు. తాగలేదు నాయనా, మా అమ్మ జబ్బే వీడికీ వచ్చిందని యస్తేరమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంది. విన్న పాపాన పోయినవాడు ఒక్కడు లేడు.

అమ్మదీ ఇదే కథ. యాభై నిండకముందే పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోయేది. పోనుపోను ఎసరు కాదు, పొయ్యినే మరిచిపోయింది. చివరికి కడుపున పుట్టిన కూతుర్ని చూసి, "ఎవరమ్మా నువ్వు? పొద్దు పోతా ఉండాది, మీ ఇంటికి పో" అనేది. వయసు మీద పడిందని కొందరు, సైతాను పట్టిందని కొందరు. యాభై ఏళ్ళకే మీద పడే వయసు ఎక్కడిదో ఎవరూ ఆలోచించలేదు.

"అమ్మా, బస్సు టైమయింది. పోయొస్తా," అంటూ కృపారాణి చెప్పులు తొడుక్కుంది. ఒక్కగానొక్క కూతురు. వరికుంటపాడు బడిలో టీచరు. లారీ కింద పడి తండ్రి పోయేనాటికి చంకలో ఉన్న పిల్ల. యస్తేరమ్మ ఆస్పత్రిలో ఆయా పని చేస్తూ, బెడ్‌పాన్లు కడుగుతూ చదివించుకుంది.

పిల్ల సందు మలుపు తిరిగాక యస్తేరమ్మ చూసింది, టిఫిన్ క్యారేజీ గూట్లోనే ఉంది. క్యారేజీ పట్టుకుని కొంగు జారిపోతున్నా చూసుకోకుండా గేటు దాకా పరుగెత్తింది.

"మరిచిపోయినావే!"

"తొందర్లోమా. ఎవరు మరిచిపోరు చెప్పు? దానికింత పరిగెత్తాల్నా?" అని నవ్వి అందుకుంది కృపారాణి.

అందరూ మరిచిపోవచ్చు, నువ్వు మరిచిపోకూడదే తల్లీ అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. ఈ భయం ఎవరికి చెప్పుకోవాలి? నాకు వస్తుందా, నా బిడ్డకు వస్తుందా, రాదా? ఈ ఒక్క మాట కోసమే రెండేళ్ళుగా ఆమె మద్రాసు జీపు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది.

మద్రాసులో ఏదో పరిశోధన ల్యాబు. ఒకే వంశంలో ఇంత చిన్న వయసులో మతి పోతున్నవాళ్ళున్నారని డాక్టరమ్మ రాస్తే వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. అందరి నెత్తురూ తీసుకున్నారు. రాజమోహన్ అనే కుర్ర డాక్టరు నెల్లూరు పిల్లవాడే, తెలుగులో విడమర్చి చెప్పాడు. మెదడులో కణాలుంటాయట. వాటి చుట్టూ మడ్డి పేరుకుంటుందట, లోపల దారాలు చిక్కుపడతాయట, ఒక్కో కణమే చచ్చిపోతూ వస్తుందట. ఎందుకలా అవుతుందో తెలియాలంటే ఈ జబ్బుతో పోయినవాళ్ళ మెదడు ల్యాబులో చూడాలట. అమ్మ పోతే ఇస్తారా అని అడిగాడు. తెలిస్తే చెప్తారు గదా సార్ అని యస్తేరమ్మ అడిగితే, తలూపాడు.

ఇస్తానంది. అనడం ఎంత సేపు? మేనమామ సామ్యేలు సంఘపెద్ద. తల కోసిన శవాన్ని చర్చి గడప తొక్కనివ్వనన్నాడు. "పునరుత్థాన దినాన మీయమ్మ తలలో మెదడు ల్యాకుండా లేస్తాదంటే?" అని నలుగురిలో నిలదీశాడు. "మట్టిలో కలిసిన మనిషిని లేపే దేవుడికి ఆ కాస్త పెట్టడం చేతగాదా మామా?" అంది యస్తేరమ్మ. ఆ నోటికి శిక్షగా అమ్మ పెట్టె చర్చి బయటే, మే నెల ఎండలో పెట్టి ప్రార్థన చేశారు. ఆ తర్వాత ఆమె కూర్చున్న బల్ల మీద ఆడవాళ్ళు సర్దుకుని కూర్చోవడం మానేశారు. అన్నీ దిగమింగింది. మద్రాసు నుంచి ఒక్క ముక్క వస్తే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయనుకుంది.

ఇంటికొచ్చి, చిన్నమ్మ రెబెకమ్మను అన్న దగ్గర కూర్చోబెట్టి డ్యూటీకి పోయింది. ఇల్లు ఆస్పత్రి లైన్లలోనే, ప్రహరీ గోడకు ఆనుకుని. ఫినాయిలు నీళ్ళతో పెద్దవార్డు తుడుస్తూ, గేటు వైపు మంచం నుంచి ఎవరు ఏ జబ్బుతో పడుకున్నారో లోలోపల వల్లె వేసింది. రోజూ చేసే పనే. కలువాయి ముసలాయనకు ఉబ్బసం, జలదంకి కోడలికి కాన్పు కుట్లు, మాలకొండమ్మకు కాలి పుండు. అన్నీ గుర్తున్నాయి. ఈ రోజుకు పర్వాలేదని చెంబు నీళ్ళు తాగింది.

చీపుళ్ళు కడిగి ఎండలో పెడుతుండగా జీపు వచ్చింది. రాజమోహన్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే నల్ల బూట్లు. అమ్మ పోయినప్పుడు వచ్చాక మళ్ళీ ఇదే రావడం, నిన్న డాక్టరమ్మ కబురు పెట్టినట్టుంది. అప్పటిలాగే నెత్తురు సీసాల పెట్టె, దాని పక్కన పెద్ద ఐసు పెట్టె.

చేతులు తుడుచుకుని వసారాలో ఎదురు నిలిచింది యస్తేరమ్మ. "సార్, మాయమ్మ సంగతి ఏం తేలినాది?"

"మీ అమ్మగారి శాంపిలా?" డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అది పనికి రాలేదు కదమ్మా. మీకు ఎవరూ చెప్పలేదా?"

ఎంత తేలిగ్గా అన్నాడో! సంతలో వంకాయలు పుచ్చిపోయాయన్నట్టు.

"పనికి రాకపోవడమేంది?"

"మాకు కావలసింది కణం లోపలి సంగతి. ప్రాణం పోయినా కొంతసేపు లోపల జాడలు మిగిలే ఉంటాయి. వెంటనే తల చుట్టూ ఐసు పెట్టాలి. మీవాళ్ళేం చేశారు? వేడివేడి నీళ్ళతో తలస్నానం చేయించి, రగ్గు కప్పి ఉంచారు. అసలే మే నెల. మేం వచ్చేసరికి ఐసు పెట్టె కట్టిన తాడు కూడా విప్పకుండా వసారాలో ఉంది. తీసుకెళ్ళాం గానీ లోపలంతా పాడైపోయింది. అంత వివరంగా చెప్పిపోయినా..."

"ఎవరికి చెప్పినారు?"

"మీ మేనమామగారికి. పాస్టరు గారికీ చెప్పాం. కాగితం మీద కూడా రాసిచ్చాం."

యస్తేరమ్మకు ఒళ్ళంతా మంటెత్తింది. మామా, పాస్టరు గారూ! ఆ రోజు వాళ్ళిద్దరూ గొయ్యి తవ్వించడానికి ఒకరు, పెట్టె చేయించడానికి ఒకరు పోయారు. తలుపు మూసుకుని అమ్మను కడిగింది ఆడవాళ్ళు. నీళ్ళు కాచింది తనే. అమ్మకు చలంటే పడదని, ఆఖరి స్నానమని, చెయ్యి కాలేంత వేడి చేసి మరీ పోసింది. వసారాలో ఆ పెట్టె ఎందుకున్నదో ఆ ఇంట్లో ఒక్క ఆడదానికి ఒక్క మాట చెప్పినవాళ్ళు లేరు.

"సార్, మా ఇళ్ళల్లో శవాన్ని కడిగేది ఎవురు? మామలా? పాస్టర్లా?"

డాక్టరు జీపు వైపు చూశాడు.

"కడిగేది మేమైతే చెప్పింది వాళ్ళకా? ఇంత సదువు సదివి ఆ మాత్రం అడగబుద్ధి కాలేదా మీకు? చెప్పుంటే నేను మంచుగడ్డ మీద పండబెట్టనా మాయమ్మను? పోనీ, ఇప్పుడు ఏడ ఉండాది అది?"

"పనికిరానివి దాచడానికి ఉండదమ్మా. పద్ధతి ప్రకారం దహనం చేసేస్తాం."

"కాల్చేసినారా!" గొంతు చించుకుని అరిచింది. వార్డులో మంచాల మీది మనుషులు లేచి కూర్చున్నారు. "మట్టికి ఇచ్చుకునేవాళ్ళం సార్ మేము. ఊరందరి చేతా మాటలు పడి, చర్చి బయట ఎండలో పెట్టుకుని ఇచ్చినాను. రెండేళ్ళు దారి చూసినాను. పాడైపోయిందని ఒక్క కార్డు ముక్క రాయలేకపోయినారా? పోండి సార్. ఇంక మా ఇంట్లో ఒక్క నెత్తురు బొట్టు కూడా మీకు ల్యా."

చీపురు అక్కడే పారేసి ఇంటికి వచ్చేసింది. ఇరవై ఏళ్ళ ఆయా పనిలో డ్యూటీ మధ్యలో వదిలిపెట్టి రావడం అదే మొదలు.

మధ్యాహ్నం ఎండ వసారా సగం దాకా వచ్చింది. అన్న మంచం పక్కన నేల మీద కూర్చుంది. తడిగుడ్డతో నుదురు తుడిచింది, పెదాలు తడిపింది. ఇశ్రాయేలు కళ్ళు సగం తెరిచి తలుపు వైపు చూస్తున్నాడు. ఆ తలుపూ ఆయన చేసిందే. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఒకసారి వచ్చింది. మళ్ళీ వస్తుందని యస్తేరమ్మ గుడ్డ చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. రాలేదు.

రెబెకమ్మ వంగి చూసి, చేత్తో ఇశ్రాయేలు కళ్ళు మూసింది. "పోయినాడమ్మే. బతికినన్నాళ్ళూ ఒకరిని పల్లెత్తు మాట అన్ల్యా పిచ్చినాయన," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే లేచి పోయి పొయ్యి రాజేసి, నీళ్ళ డేగిసా ఎక్కించింది. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆమె చేతులకు తెలిసిన పని. పక్కిళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. సామ్యేలు మామ నలుగురు పెద్దలతో వచ్చి వాకిట్లో బెంచీ వేసుకుని కూర్చున్నాడు.

కబురు ఆస్పత్రికీ అందింది. రాజమోహన్ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాడు, వెళ్ళిపోడు. సిగ్గు లేకపోతే సరి అనుకుంది యస్తేరమ్మ. పొయ్యి మీద నీళ్ళు సన్నగా చప్పుడు చేయడం మొదలుపెట్టాయి. ఇంకాస్త సేపు ఊరికే కూర్చుంటే చాలు, ఆమె ఒక్క మాట అనక్కర్లేదు, నీళ్ళే మాట్లాడతాయి. ఆ ల్యాబు వాళ్ళకు తగిన శాస్తి. కానీ పొద్దున కృపారాణి నవ్వుతూ క్యారేజీ అందుకున్న ముఖం కళ్ళ ముందునుంచి పోవడం లేదు. ఈ శాస్తి ఎవరికి? మద్రాసు వాళ్ళకు ఇంకో ఊరు, ఇంకో వంశం దొరుకుతుంది. తనకు ఇంకో కూతురు లేదు.

లేచి వాకిట్లోకి వచ్చింది. "డాక్టరయ్యా, లోపలికి రా."

సామ్యేలు మామ బెంచీ మీదనుంచి లేచాడు. "ఏంది మే, మళ్ళీ మొదులు పెట్టినావా?"

"నువ్వు కూసో మామా. నీకు చెప్పినందుకే ఒకసారి అంతా బూడిదైంది." డాక్టరు వైపు తిరిగింది. "బూట్లిప్పి రా. నాకు కాదు చెప్పాల్సింది. కడిగేవాళ్ళు లోపల ఉండారు. వాళ్ళకు చెప్పు."

రాజమోహన్ గడప పక్కన బూట్లు విడిచి లోపలికి వచ్చాడు. ఆడవాళ్ళు పక్కకు జరిగారు గానీ చోటు చూపించలేదు. మట్టినేల మీద, శవం కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కణాల సంగతి, మడ్డి సంగతి, వేడి తగిలితే ఏమవుతుందో, చల్లగా ఉంటే ఏం మిగులుతుందో చెప్పాడు. రెండేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చి మీకు చెప్పకపోవడం మా తప్పేనన్నాడు. ఆ మాట యస్తేరమ్మ చెవిన పడింది. ఇంత చిన్న మాట వినడానికి రెండేళ్ళు పట్టింది!

"కడగకుండా ఎత్తుకుపోతారా అయితే?" రెబెకమ్మ అడిగింది. "స్నానం ల్యాకుండా మా బిడ్డను గడప దాటించేదానికి ఒప్పుకోం."

"కడగండవ్వా. చన్నీళ్ళతో కడగండి. తల దగ్గర ఐసు పెట్టుకుని కడగండి."

"చన్నీళ్ళా? ఆఖరి స్నానం చన్నీళ్ళతోనా? పరాయివాళ్ళక్కూడా అట్టా చెయ్యమే!"

"చిన్నమ్మా," అంది యస్తేరమ్మ, "ఆగు. నేనొక మాట అడగాల." డాక్టరు కళ్ళలోకి చూసింది. "ఈసారి పనికొస్తే, నాకు వస్తాదో, నా బిడ్డకు వస్తాదో చెప్తావా?"

అతను తల దించుకున్నాడు. "ఏ ఒక్కరి సంగతీ వాళ్ళకు చెప్పకూడదని మా దగ్గర రూలమ్మా."

"మరి ఎవురికి చెప్తారు?"

"వైద్య పత్రికల్లో రాస్తాం. పేర్లు లేకుండా."

అమ్మనిచ్చి, అన్ననిచ్చి, నెత్తురిచ్చి, చివరికి తమ సంగతి తమకు తప్ప లోకానికంతా చెప్తారట! ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఆడవాళ్ళందరూ అతన్నే చూస్తున్నారు. ఆ చూపులకు తట్టుకోలేకపోయాడో, నిజంగానే మనసు కరిగిందో, రాజమోహన్ మెల్లగా అన్నాడు. "రూలు సంగతి నేను చూసుకుంటా. నేనే వచ్చి చెప్తా. మాట."

యస్తేరమ్మ పొయ్యి దగ్గరికి పోయి మండుతున్న కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. పెరట్లో గాబు నిండా నీళ్ళున్నాయి. బిందెతో ముంచుకొచ్చింది. తల చుట్టూ ఐసు పేర్చారు. మొదటి చెంబు రెబెకమ్మ చేతికిచ్చింది. ముసలామె వంచేసరికి సగం నీళ్ళు నేల మీదే పోయాయి. "చలి నాయనా, నీకు చలి," అంటూ, ఒక చేత్తో నీళ్ళు పోస్తూ రెండో చేత్తో ఆ రొమ్మును రుద్దుతూనే ఉంది, వేడి పుట్టించాలని. డాక్టరు ముఖం అటు తిప్పుకున్నాడు.

వాకిట్లో పెద్దలు కదల్లేదు. దారి ఇవ్వమని అడిగే ఓపిక ఎవరికీ లేదు. ఆస్పత్రి స్ట్రెచర్‌ను పెరటి వైపునుంచి తెప్పించి, వెనక తలుపు గుండానే తీసుకుపోయారు. రాజమోహన్ తలవైపు పట్టుకుని, వట్టి కాళ్ళతో, ముళ్ళు చూసుకోకుండా నడిచాడు. ఆస్పత్రి వెనకగదిలో పని ముగించి, ఐసు పెట్టెతో అక్కణ్ణించే జీపెక్కాడు. రాత్రిలోగా మద్రాసు చేరాలని డ్రైవరును తొందరపెట్టాడట, కాళ్ళకు ఆపరేషను గది రబ్బరు చెప్పులే ఉన్నాయట.

తలకు తెల్లగుడ్డ కట్టిన ఇశ్రాయేలు సాయంత్రానికి పెట్టెలో చర్చి దగ్గరికి వచ్చాడు. బడినుంచి వచ్చిన కృపారాణి పెట్టె పట్టుకుని నడిచింది. సామ్యేలు మామ తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఈసారి యస్తేరమ్మ నోరు విప్పలేదు. రెబెకమ్మే ముందుకు వచ్చింది. ఆమె చీర ఇంకా తడిగానే ఉంది.

"కడిగింది నేను సామ్యేలూ. వాడి తలలో ఏముండాదో, ఏం పోయిందో నాకు తెలుసు. నీకేం తెలుసు? తప్పుకో."

వెనక ఆడవాళ్ళంతా అలాగే నిలబడ్డారు, ఒక్కరూ వెనక్కి పోలేదు. సామ్యేలు చుట్టూ చూసి, గొణుక్కుంటూ పక్కకు జరిగాడు. ఆ తలుపు రెక్కలు కూడా ఇశ్రాయేలు బిగించినవే. పెట్టెను లోపలికి తీసుకుపోయి, పైన ఫ్యాను కింద పెట్టి ప్రార్థన చేశారు.

మట్టి చేసి ఇంటికొచ్చాక చూశారు, గడప పక్కన డాక్టరు బూట్లు. "వస్తాడులే," అంది రెబెకమ్మ కాళ్ళు కడుక్కుంటూ, "చెప్పేదానికి రాకపోయినా వీటికోసమన్నా రావాల గదా." ఆ రోజంతా ఏడ్చి ఏడ్చి వాచిన ముఖాలతో తల్లీ కూతుళ్ళిద్దరికీ నవ్వొచ్చింది.

మరుసటేడు జీపు వచ్చింది. అందులో ఇంకో డాక్టరు ఉన్నాడు. రాజమోహన్ గారు వేరే ల్యాబుకు మారిపోయారన్నాడు. ఆ శాంపిలు బ్రహ్మాండంగా పనికొచ్చిందనీ, అంత శుభ్రంగా ఉంచింది అరుదుగా దొరుకుతుందనీ, దాని మీద పెద్ద వ్యాసం కూడా వచ్చిందనీ చెప్పాడు. అందులో మా సంగతి ఏముందని యస్తేరమ్మ అడిగితే, అది చెప్పకూడదని రూలమ్మా అన్నాడు.

వానలకు తడవకుండా చూరు కిందికి జరిపిన నల్ల బూట్లు, ముక్కులు వీధి వైపు తిరిగి, గడప పక్కనే ఉన్నాయి.